సంగటికుండ అడుగు

పాఠ్యపుస్తకాల్లో తెలుగువాళ్ల ఇల్లంటే తులసికోట, మడి, పూజగది. సదుం దగ్గర మా మాదిగపల్లెలో అవేవీ లేవు. రాగిసంగటి, ఊరిబిండి, బోయకొండ గంగమ్మకు కోసే కోడి ఉండాయి. ఇది కూడా ఒక సంస్కృతేనని, దీనికి వేదాల అనుమతి అక్కర్లేదని గట్టిగా చెప్పిన పుస్తకం కంచ ఐలయ్య ‘నేను హిందువు నెట్లయిత’. 1996లో ఇంగ్లీషులో వచ్చింది. కురుమ ఇంటినీ, పనినీ, పోచమ్మనూ ఆయన వాదనగా నిలబెట్టినాడు. ఆ మేలు మరిచేది కాదు.

అయితే ఆ పుస్తకంతో నాకు రెండు పేచీలుండాయి.

మొదటిది ‘దళితబహుజన’ అనే మాట. గొర్లు కాసే ఇల్లూ, తోలు పనిచేసే ఇల్లూ రెండూ కష్టం చేసే ఇళ్లే. బావికాడ మాత్రం రెండూ ఒకటి కావు. మా పక్క కురబోళ్ల కడవ బావిలో మునిగింది. మా అవ్వ కడవ కింద పెట్టుకోని, ఎవురన్నా పోస్తారేమోనని నిలబడింది. ఆమెను నిలబెట్టింది బాపనోళ్లొక్కరే కాదు. ఐలయ్యకు ఈ తేడా తెలియదని కాదు. ఆ మాట పరుచుకున్న చోటల్లా తేడా కింద పడిపోతుంది.

రెండోది ఆడోళ్ల సంగతి. మొగుడు కొడితే మన ఆడది నలుగురికీ వినపడేలా అరవొచ్చు, తిట్టొచ్చు, చేతనైతే తిరిగి కొట్టొచ్చు అంటాడాయన. నిజమే, మా అమ్మ అరిచింది. పల్లెంతా వినింది. తెల్లారి టమాట కోతకు పోయొచ్చి మళ్లా ఆమే సంగటి కెలికింది. నాయనకు ముద్ద, మాకు ముద్ద, అడుగంటిన మాడు ఆమెకు. అరిచే హక్కుంటే చాలా? కూలిడబ్బు ఎవరి చేతిలో పడింది?

ఈ ప్రశ్న నాది మాత్రమే కాదు. తమిళంలో బామ 1994లోనే ‘సంగతి’ రాసింది. అందులో పరయ ఆడోళ్లు నోరున్నోళ్లే, పనిమంతులే. అయినా మొగోళ్లకంటే కూలి తక్కువ, ఇంటికొస్తే దెబ్బలు. తెలుగులో 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చినాక, దళిత స్త్రీల రాతలు లేవనే సాకు కూడా పోయింది.

బాపనింటి మీద పోట్లాడేదానికి మనిల్లు మంచిదని చూపించాల్సిన పని లేదు. మన ఆత్మకథలు రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పస్తుల గురించి రాయండి, బావి గురించి రాయండి. దాంతోపాటు ఇంట్లో అందరికంటే చివర తినిందెవరో కూడా రాయండి.