కళ్లు లేని తోడేలు సాలీడు

సాలీడు ఏ కుటుంబానిదో తేల్చేవాళ్లు ముందుగా చూసేది కళ్ల అమరికనే. తోడేలు సాలీళ్లకైతే ఎనిమిది కళ్లు మూడు వరుసల్లో ఉంటాయి: కింద నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు. హవాయిలోని కవాయి దీవి లావా గుహల్లో దొరికిన ఈ సాలీడుకి అసలు కళ్లే లేవు. అయినా 1973లో సాలీళ్ల శాస్త్రవేత్త విల్లిస్ గెర్ట్ష్ దాన్ని తోడేలు సాలీళ్లలోనే చేర్చి, అడెలోకోసా ఆనాప్స్ అని పేరు పెట్టాడు. మొదటి ఆధారమే లేనిచోట చుట్టం ఎవరో పోల్చడం! ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

ఈ పనికి ఓపికే పెట్టుబడి. ఆల్కహాల్‌లో ఉంచిన సాలీడుని మైక్రోస్కోప్ కింద పెట్టి కాళ్ల చివరి గోళ్లు, కాళ్ల మీది ముళ్లు, కోరల దగ్గరి పళ్లు చూస్తారు. ఆడదైతే పొట్ట అడుగున ఉండే జననాంగాన్ని, ఆవగింజంత కూడా ఉండదది, సన్నని సూదితో విడదీస్తారు. లవంగనూనెలో వేస్తే అది పారదర్శకమై లోపలి గొట్టాల మెలికలు కనిపిస్తాయి. జాతికీ జాతికీ తేడా చాలాసార్లు ఆ మెలికల్లోనే ఉంటుంది. చెయ్యి వణికితే నమూనా పాడైనట్టే. గుహ సాలీళ్లలో ఇంకొకటి దొరకడం తేలిక కాదు. ఈ జాతి ఆడది మోసే సంచిలో ఉండేవి 15 నుంచి 30 గుడ్లే.

2000లో అమెరికా ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.