‘ద్రవ్యవేగం’: పారిభాషిక పదం – అవగాహన (కర్నూలు, కడప ప్రాంత దృష్టాంతాలతో)

కీలకపదాలు: ద్రవ్యవేగం, పారిభాషిక పదం, సమాసం, ఊపు, బండలాగుడు.

ప్రవేశిక
భౌతికశాస్త్రంలో మొమెంటమ్‌కు తెలుగు పాఠ్యగ్రంథాలు స్థిరపరచిన పదం ‘ద్రవ్యవేగం’. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ పుస్తకాల్లోనూ ఇదే కనిపిస్తుంది. వస్తువు ద్రవ్యరాశిని దాని వేగంతో గుణించగా వచ్చే లబ్ధమే ద్రవ్యవేగం. నిర్వచనంలో సందిగ్ధత లేదు. పదనిర్మాణమే విద్యార్థిని పక్కదారి పట్టించగలదు.

సమాస విచారణ
ఈ పదం వినగానే స్ఫురించే విగ్రహవాక్యం ‘ద్రవ్యము యొక్క వేగము’. తత్పురుషలో ఉత్తరపదార్థమే ప్రధానం కనుక ఇది ఒక రకమైన వేగమన్న భ్రమ కలుగుతుంది, ద్రవ్యరాశి వెనుకబడుతుంది. న్యూటన్ 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో దీనిని చలన పరిమాణంగా వ్యవహరించాడు. ఆ పేరులో ఈ చిక్కు లేదు. పైగా శాస్త్రం వేరుచేసిన వడి, వేగం వాడుకలో ఒకటే కావడంతో దిశ మరుగున పడుతుంది. సమాన ద్రవ్యవేగాలతో ఎదురెదురుగా వచ్చే రెండు లారీల మొత్తం ద్రవ్యవేగం సున్నా అంటే విద్యార్థి నమ్మలేకపోవడానికి కారణమిదే.

స్థానిక దృష్టాంతాలు
400 కిలోల ఖాళీ ఎద్దులబండి, కడప బండలు ఎత్తాక 1200 కిలోలు తూగే అదే బండి సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతున్నాయనుకుందాం. వేగం ఒకటే, ద్రవ్యవేగాలు 400, 1200. రెండింటినీ ఒకే వ్యవధిలో నిలపాలంటే రెండవదానికి మూడింతల బలం కావాలి. బండివానికి ఇది అనుభవసిద్ధమే; దానిని అతడు ‘ఊపు’ అంటాడు.

కర్నూలు, కడప పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీ మరో ప్రశ్నను లేవనెత్తుతుంది. ఎద్దులు ఆగగానే బండ ఆగిపోతుంది. మరి ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఏమైనట్టు? నేల కలిగించే ఘర్షణ బండకు బాహ్యబలం. బండ కోల్పోయిన ద్రవ్యవేగం భూమికి చేరుతుంది. బండను, భూమిని కలిపి ఒకే వ్యవస్థగా చూస్తే నియమానికి భంగం లేదు. బాహ్యబలం లేనప్పుడే అన్న షరతును కంఠస్థం చేయించే పాఠం ఈ సంగతిని చెప్పకపోతే నియమం పరీక్షకే మిగులుతుంది.

ముగింపు
‘ఊపు’కు ఉత్సాహం, ఊగడం అనే అర్థాలూ ఉన్నాయి; కొలతను, దిశను అది నిర్దేశించదు. కనుక పారిభాషిక పదానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు, ప్రవేశద్వారం కాగలదు. ‘ఊపు’తో పాఠం మొదలుపెట్టి, ‘ద్రవ్యరాశి, వేగముల లబ్ధం’ అనే వివరణతో, దిశతో సహా ‘ద్రవ్యవేగం’ వద్దకు చేర్చడం సముచితం. పదాన్ని మార్చనక్కరలేదు, దాని విగ్రహాన్ని విప్పిచెప్పే బాధ్యత పాఠ్యగ్రంథానిది.