ఫ్రెంచి యాత్రాగ్రంథములును తెలంగాణ గ్రామనామములును

పురాతన ఫ్రెంచి గ్రంథములను గూర్చు రసికులు పాశ్చాత్యదేశములందు బెక్కండ్రు కలరు. చరిత్రము, సాహిత్యము, యాత్ర యను శాఖలలో నెన్నికగన్న ప్రథమముద్రణములకు వారు గట్టు వెల సామాన్యముగా నుండదు. ఆ వెలకు హేతువు ప్రాయికముగా గ్రంథముయొక్క బహిరంగమే. తోలుకట్టు, బంగారు వ్రాత, పూర్వస్వాముల ముద్రలు, చిత్రఫలకముల సమగ్రత యనునవి వారికి ముఖ్యములు. జాఁ బతీస్త్ తావెర్నియే (1605–1689) యను రత్నవణిజుని ‘ఆఱు యాత్రలు’ 1676లో పారిసునందు రెండు సంపుటములుగా వెలువడినది. ఈ గ్రంథము విక్రయమునకు వచ్చినపుడు వజ్రముల చిత్రములుగల ఫలకములు చెడక యున్నవా యని మొదట జూతురు. గోలకొండనుండి మచిలీపట్టణమునకు బోవు త్రోవలోని పల్లెల పేరులుగల పుట చినిగిన నంతగా విచారించువారుండరు. నల్లగొండ, మహబూబునగర మండలముల చరిత్రమును దెలియగోరువానికి మాత్రము ఆ పుటయే గ్రంథమునకు బ్రాణము.

తావెర్నియే వజ్రపుగని మీదుగా మచిలీపట్టణమునకు బోవు త్రోవను మజిలీల వరుసతో, కోసుల లెక్కతో వ్రాసెను. హయాతునగరమునుండి పంతంగికి 12 కోసులు, పంతంగినుండి పానగల్లునకు 14, పానగల్లునుండి నాగులపాటికి 12. అటుపైని లక్కవరము, కృష్ణానది, కొల్లూరు, బెజవాడ. పంతంగి నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో జేరినది. పానగల్లు నల్లగొండ పట్టణమున కానుకొనియే యున్నది. కందూరి చోడుల కాలమున రాజధానియై, ఉదయసముద్రమను చెఱువుచేతను, సోమేశ్వరాలయములచేతను ప్రసిద్ధమైన యీ యూరు పదునేడవ శతాబ్దిలో నొక బాటసారుల మజిలీగా నిలిచియుండెనని యీ పట్టికవలన దెలియుచున్నది. రాజ్యము పోయినను జల మున్నచోట బాట నిలుచుట సహజమే. కోసుల లెక్కయు నేటి దూరములతో బెద్దగా విరోధింపదు. కావున నీ పట్టిక విన్నమాటల కూర్పు గాక, నడచినవాని లెక్క యని నమ్మవచ్చును.

అయిన నీ పేరులు మనకు జేరిన మార్గము వంకరగా నున్నది. తెలుగు పరిశోధకులకు జిరకాలమందుబాటులో నున్నవి ఆంగ్లానువాదములే. మొదటిది జాన్ ఫిలిప్సుది. మూలము వెలువడిన మఱుసటి యేడు 1677లో వచ్చినది. అది దోషభూయిష్ఠమని తలంచియే వాలెంటైన్ బాల్ 1889లో రెండు సంపుటముల నూతనానువాదమును వెలువరించెను. దానిని విలియం క్రూక్ 1925లో సంస్కరించెను. బాల్ భూగర్భశాస్త్రజ్ఞుడు. గనుల యునికిని నిర్ణయించుటలో నతని శ్రమ మెన్నదగినది. తెలుగు పదముల తుదియచ్చు లేమైనవో, డకారము రేఫ మెట్లయినదో విచారించుట యతని పని గాదు, తెలుగువారి పనియే. రచయిత పేరును సైతము మనవారు ‘టావెర్నియర్’ అని యాంగ్లోచ్చారణము ననుసరించియే వ్రాయుచున్నారు. ఫ్రెంచివారి నోట నది ‘తావెర్నియే’. తుది రేఫము పలుకబడదు.

ఫ్రెంచి వర్ణక్రమమును స్వల్పముగా నెఱిగినను ఈ పట్టిక వేఱొక రూపమును దాల్చును. లక్కవరమునకు మూలమందలి వ్రాత నక్షరము వెంబడి నక్షరముగా దెలుగుచేసిన ‘లకబరోన్’ అగును. ఆంగ్లము చదివినవాడు తుదినకారమును స్ఫుటముగా బలికి, యిదెక్కడి యూరని వెదకును. ఫ్రెంచిలో నా నకారము వ్యంజనము గాదు, పూర్వాచ్చునకు అనునాసికత్వమును దెలుపు గుర్తు. ‘లకబరోఁ’ అని చదువవలయును. తెలుగు ‘వరం’ తుదనున్న యనుస్వారమును వినిన విదేశీయుడు తన భాషలో నుంచదగిన చిహ్న మిదియే. వకార బకారముల మార్పు వైయాకరణులకు గ్రొత్తది గాదు. హయాతునగరము ఆంగ్లానువాదములో ‘జాతెనగర్’ అయినది. ఫ్రెంచివారికి హకారము పలుకదు. ఆనాటి యచ్చులలో ఐ, జె యక్షరముల భేదము నిలుకడగా లేదు. హకారమును దొలగించి జకారస్థానమున ఇకారము నుంచిన ‘ఇయాతెనగర్’ యగును, ఊరు దొరకినట్లే. పానగల్లు వ్రాతలో గకారము తరువాత ఎకార మున్నందున ఫ్రెంచి నియమమునుబట్టి జకారచ్ఛాయ రావలసియున్నది. అది లేఖకదోషమో ముద్రాదోషమో కావలయును. తావెర్నియే సామగ్రిని గ్రంథముగా గూర్చినవాడు సామ్యుయెల్ షాప్యుజో యను మఱియొక రచయిత. హిందూదేశమును జూడనివాని చేతిలో బడిన యూళ్లపేరులు కొంత చెడుటలో వింత లేదు.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. తెలుగు పదము అజంతము. పట్టికలో నా యచ్చులు మిగిలినవా యని చూడగా పంతంగి యొక్కటియే సరిగా నిలిచినది. పానగల్లు, నాగులపాడు, కొల్లూరు, బెజవాడ యనునవి నాలుగును హలంతములై కనబడుచున్నవి. ఇట్లు తుదియచ్చును గోయుట పారసీక హిందూస్థానీ భాషలవారి యలవాటు. కావున తావెర్నియే యీ పేరులను పల్లెవాని నోట వినలేదు; త్రోవ జూపిన దుబాసినోటనో, గోలకొండ కొలువువారి నోటనో వినియుండును. యాత్రికుని వ్రాత ప్రత్యక్షసాక్ష్య మని యనుకొనువారు దానిలోని యీ మూడవ నోటిని మఱవరాదు.

నాగులపాడు విషయమున నీ విచారము కేవలము పండితవినోదము గాదు. సూర్యాపేట ప్రాంతమున కాకతీయకాలపు టాలయములుగల యా యూరిని నేడు ‘నాగులపహాడ్’ అని వ్రాయుట వాడుకయైనది. పహాడ మనగా కొండ. ఊరిపేరునకు గొండతో సంబంధము గల్పించుట కీ వ్రాతయే యాధారమగుచున్నది. తావెర్నియే వ్రాత ‘నాగెల్పార్’. హకారము లేకుండుట ఫ్రెంచివానియందు నిర్ణాయకము గాదనవచ్చును. కాని డకారమునకు రేఫ మెట్లు వచ్చినదో పరిశీలింపుడు. బెజవాడను గూడ నతడు ‘బెజువార్’ అనియే వ్రాసెను. ‘వాడ’ యందలి డకారము ‘వార్’ అయినట్లే ‘పాడు’ నందలి డకారము ‘పార్’ అయినది. ‘పహాడ్’ అని విన్నవాడు రెండచ్చులు విని దీర్ఘమును రెండవదానిపై నుంచును. ‘పార్’ అను నేకాచ్చురూపము ‘పాడు’నకే తగును. పాడు అనునది తెలంగాణమునను, సీమాంధ్రమునను గ్రామనామములకు దుదిని వచ్చు సుప్రసిద్ధమైన శబ్దము. పహాడము తరువాతి దఫ్తరుల సృష్టి యని తలంచుట యుక్తము. ఒక ఫ్రెంచి వర్తకుని తప్పులవ్రాత తెలుగు పేరును నిలబెట్టుచున్నది!

కొల్లూరి గనిని గూర్చిన వాక్యము మఱింత విచారింపదగినది. ఆ గని దేశభాషలో ‘గని’ యనియు, పారసీకమున ‘కూలూర్’ అనియు బిలువబడునని తావెర్నియే చెప్పెను. పారసీకమున గాను అనగా గనియే కావున ‘కానె కూలూర్’ (కొల్లూరి గని) అను సమాసమును విని, దానిని రెండు పేరులుగా విఱిచికొనెనని కొందఱి యూహ. ఈ యూహ తీసివేయదగినది గాదు. పైని జెప్పిన దుబాసి వాదమునకు గూడ ననుకూలించును. కాని యొక యాటంకము కలదు. ఆ వాక్యమందే ‘కూలూర్’ శబ్దమున ఆద్యకకారము కకారముగానే వ్రాయబడినది. కకారమును గకారమును వేఱుగా వినగలవాడు ‘కాని’ని ‘గని’ యని యేల వ్రాయును? సంస్కృత ‘ఖని’ శబ్దమునుండి వచ్చిన తెలుగు ‘గని’ కూలివాండ్రలో నెవ్వని నోటనైనను వినబడు మాటయే. ‘దేశభాషలో’ అని యతడు స్పష్టముగా వేఱుచేసి చెప్పినపుడు ఆ మాటను నమ్మకుండుటకు బలమైన హేతువు వలయును. ఫ్రెంచి గ్రంథమున 1676లో నచ్చుపడిన యీ తెలుగుమాటను దెలుగు నిఘంటుకారులు గమనింపదగును. కొల్లూరు గ్రామము నేడు పులిచింతల జలాశయములో మునిగిపోయినది; పుస్తకములో మాత్రము మునుగలేదు.

కొలతలకు వత్తము. కోసు క్రోశశబ్దభవము. గోలకొండ, విజాపురరాజ్యములలో ‘గోస్’ అను వేఱొక కొలత కలదనియు, అది నాలుగు ఫ్రెంచి ‘లియూ’ల దూరమనియు తావెర్నియే వ్రాసెను. సకారము ఫ్రెంచి బహువచనచిహ్నము, పలుకబడదు. మిగులునది ‘గో’. సంస్కృతమున గవ్యూతి, పాలిలో గావుతము. అమరుడు గవ్యూతిని క్రోశద్వయమనెను గాని తావెర్నియే చెప్పిన నాలుగు లియూలు పదిమైళ్ళకు దక్కువ గావు, మన యామడనే మించినవి. పేరు నిలిచి కొలత పెరిగినదన్నమాట. కోశమును జూచి త్రోవను గొలుచువాడు దారితప్పును.

ఇక సేకరణమును గూర్చి. మహబూబునగర మండలమువాడైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’మును వెలువరించి, విదేశయాత్రికుల వ్రాతలకు దెలుగు కావ్యసాక్ష్యముతో సమానమైన గౌరవము గల్పించెను. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించినది. అంతటి మార్గము దీసిన పిమ్మట మన గ్రంథాలయములు యాత్రాగ్రంథముల మూలములను గూర్చియుండవలసినది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు పండితులను బోషించినవి. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తెలుగు గ్రంథములకు నిలయమైనది. ఫ్రెంచి మూలములు గావలయునన్న కోరిక మాత్రము మనలో బుట్టలేదు. ఫ్రాన్సువారు మనవంటివారు గారు. 1730 ప్రాంతమున రాజగ్రంథాలయాధిపతి కోరగా కర్ణాటకమందలి జెస్యూటు పాదరులు సంస్కృతాంధ్ర గ్రంథములను వ్రాయించి పారిసునకు బంపిరి. 1739లోనే వానికి ముద్రితసూచి కలిగినది.

నేడు ధనము లేదనుట చెల్లదు. పారిసు జాతీయగ్రంథాలయమువారు ‘గాలికా’ యను తమ భాండారమున బ్రాచీనముద్రణముల ఛాయలను వెలలేకుండ జూడనిచ్చుచున్నారు. కొనదలచువారు మాత్రము రెండు జాగ్రత్తలు వహింపవలయును. తావెర్నియే గ్రంథమునకు హాలండుదేశమున బునర్ముద్రణములు త్వరలోనే వెలువడినవి. అవి చౌకగా దొరకును గాని నామరూపవిచారమునకు బారిసు ప్రథమముద్రణమే ప్రమాణము. రెండవది తేవెనోలను గూర్చినది. 1666–67లో హిందూదేశమును జూచి, తిరుగుత్రోవలో బారసీకమున మరణించినవాడు జాఁ ద తేవెనో. అతని హిందూయాత్రాభాగము 1684లో వెలువడగా, 1687లో నాంగ్లమున వచ్చినది. 1949లో సురేంద్రనాథ సేను సంస్కరణము గలిగినది. ఇంటనుండియే యితరుల యాత్రలను సంకలనించి 1663 మొదలు ప్రకటించినవాడు మెల్షిసెదెక్ తేవెనో, ఇతని పినతండ్రివంటి బంధువు. అమ్మకపు పట్టికలలో నీ యిద్దఱును గలిసిపోవుచుందురు.

మహబూబునగర ప్రాంతమునకు సంబంధించిన పట్టిక వేఱొకటి కలదు: గోలకొండనుండి ‘రావులకొండ’ గనికి బోవు త్రోవ. బాల్ ఆ గనిని గర్నూలు మండలమందలి రామళ్ళకోట యనెను. త్రోవలో కృష్ణకు నుత్తరమున ‘కనోల్ కందనోర్’ అను మజిలీ కలదు. కర్నూలునకు గందనవోలను పేరున్నను అది కృష్ణకు దక్షిణమున నున్నది గావున నిచట బొసగదు. నాగరకర్నూలును జనులు నేటికిని గందనూలందురు. కృష్ణ కుత్తరమున నుండుటయు, ‘కందనోర్’ అను రూపమును రెండును దీని కనుకూలములే. విరోధము ముందరి మజిలీ ‘పర్కెల్’వలన వచ్చుచున్నది. దానిని బరిగి యందురు; పరిగి పడమట నున్నది. పరిగినుండి నాగరకర్నూలునకు దిరుగుట వక్రమార్గము. అయినను ‘పరిగి’ యను నజంతమునకు దుదిని లకారము వచ్చుట కీ పట్టికలలో వేఱొక దృష్టాంతము లేదు. తుదియచ్చులు లోపించుట కలదు గాని హల్లు క్రొత్తగా జేరుట లేదు. కావున సందేహింపవలసినది కందనూలును గాదు, పరిగినే.