‘ఆ బడ్జెట్‌కి’ అనే మాట తీసేసి చూస్తే

‘గూఢచారి’ (2018) గురించి ఎవరిని కదిపినా మొదట వచ్చే మాట కథ గురించి కాదు, ఖర్చు గురించి. “6 కోట్లలో తీశారట, తెలుసా!” అంటారు. ఆ తర్వాతే మిగతావి. మా ఆఫీసులో ఒకతను ఈ సినిమా మూడుసార్లు చూశాడు. ఏం నచ్చిందని అడిగితే “ఆ బడ్జెట్‌కి అది మామూలు విషయం కాదు బాసూ” అన్నాడు. నచ్చనివాళ్ళ మాట కూడా చివరికి అక్కడికే చేరుతుంది: “గ్రాఫిక్స్ తేలిపోయాయి, కానీ ఆ డబ్బుకి ఇంకేం వస్తుందిలే.”

ఈ మెచ్చుకోలు నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. బడ్జెట్ నిర్మాత బాధ. టికెట్ ధర మనకి తగ్గించలేదు కదా! అయినా అలా ఎందుకు అన్నారో అర్థం చేసుకోవచ్చు. ఆగస్టు 3న ఈ సినిమా విడుదలైంది. అంతకు వారం ముందే ‘మిషన్ ఇంపాజిబుల్: ఫాలవుట్’ మన థియేటర్లలోకి వచ్చింది. టామ్ క్రూజ్ హెలికాప్టర్ నుంచి వేలాడటం చూసి వచ్చిన కళ్ళతోనే జనం అడివి శేష్‌ని చూశారు. పోలిక తప్పదు. దాంతో పాటు కాస్త జాలీ తప్పలేదు.

నిజానికి డబ్బు లేకపోవడం దర్శకుడు శశికిరణ్ తిక్కాకి చాలాచోట్ల కలిసొచ్చింది. గదులు ఇరుకు, మనుషులు తక్కువ, శనీల్ డియో కెమెరా ముఖాల దగ్గరే తిరుగుతుంది. చుట్టూ ఏముందో మనకీ పూర్తిగా కనిపించదు, హీరోకీ తెలియదు. శ్రీచరణ్ పాకాల నేపథ్య సంగీతం మిగతా పని చూసుకుంది. 2023లో ‘ఏజెంట్’, ‘స్పై’ వచ్చి వెళ్ళాయి. ‘ఏజెంట్’ మీద అయితే డబ్బు కుమ్మరించారు. రెండింట్లో ఒక్క సీనైనా గుర్తుందా మీకు?

ఎక్కువమంది తప్పుపట్టింది ఫస్టాఫ్‌లో ప్రేమకథని. ఎదురింటి అమ్మాయి సమీరతో (శోభిత ధూళిపాళ) నడిచే ఆ భాగం సాగదీత అన్నారు. (ఇక్కడినుంచి కథ గుట్టు చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు చూసి రండి.) ఆ అమ్మాయిని పంపిందే శత్రువులు. అప్పటిదాకా మనం విసుక్కున్న ప్రతి నిమిషమూ ఆమె చేస్తున్న డ్యూటీ. అది తెలిశాక కూడా సాగదీతే అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక అసలు సంగతి. టెర్రరిస్టు ఎవరు?

మన సినిమాల్లో ఈ ప్రశ్నకి జవాబు పేరులోనే దొరికిపోతుంది. ‘ఖడ్గం’ (2002) మంచి ఉద్దేశంతో తీసిన సినిమానే. అందులో ప్రకాష్ రాజ్ వేసిన అంజాద్ నిఖార్సైన దేశభక్తుడు. కానీ ఆ సంగతి అతను మాటిమాటికీ రుజువు చేసుకుంటూ ఉండాలి. తమ్ముడు టెర్రరిస్టయితే అన్నయ్య ఇంకా గట్టిగా ఏడవాలి, ఇంకా గట్టిగా అరవాలి. ‘గూఢచారి’లో హీరో పైఅధికారి నాదియా ఖురేషి (సుప్రియ యార్లగడ్డ). ఆవిడ పేరు చుట్టూ కథ ఏ మెలికా పెట్టలేదు. ఆఫీసుకి వస్తుంది, హడలెత్తిస్తుంది, పని చేయిస్తుంది. అంతే. అటుపక్క, దేశాన్ని పేల్చాలని చూస్తున్న రాణా ఎవరంటే, గోపి చిన్నప్పటినుంచి దేవుడిలా తలుచుకున్న సొంత తండ్రి, దేశం కోసం చనిపోయాడని అందరూ నమ్మిన గూఢచారి రఘువీర్.

ఇంత పెద్ద మాట చిన్న సినిమా అనేసింది. దేశభక్తి వంశపారంపర్యంగా రాదు, ద్రోహం ఏ ఒక్క మతం ఇంట్లోనూ పుట్టదు అన్నంత మాట. మరి చూసినవాళ్ళు ఏమన్నారు? “ట్విస్ట్ అదిరింది” అన్నారు. ఇంకొంతమంది “జగపతిబాబు అనగానే ఊహించాం” అన్నారు. పొడుపుకథ విప్పినట్టు విప్పేసి ఇంటికెళ్ళిపోయారు.

తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. చిట్టగాంగ్‌లో తండ్రీకొడుకులు ఎదురుపడ్డాక సినిమా కూడా తొందరపడిపోయింది. ప్రాణం పెట్టిన ఉద్యోగాన్ని, కన్నకొడుకుని వదిలి ఒక మనిషి అటువైపు ఎందుకు వెళ్తాడు? రెండు మూడు డైలాగుల్లో తేలిపోవాల్సిన విషయమా ఇది? ఆ తండ్రి చేతిలో తుపాకీ ఉన్నంత బరువుగా అతని నోట్లో మాట లేదు. మంచి సినిమాని పట్టుకుని ఇలా సణగడం ఎందుకంటే, డబ్బు ఖర్చు కాని చోటే ఇది పిసినారితనం చూపించింది. ఇద్దరు మనుషులు, ఒక గది, పది నిమిషాలు. ఎంతవుతుంది?

అదే ఏడాది మే నెలలో వచ్చిన ‘రాజీ’లో మేఘనా గుల్జార్ ఈ పని చేసింది. పాకిస్తాన్‌లో కోడలిగా అడుగుపెట్టిన సెహ్మత్ గూఢచర్యంలో గెలుస్తుంది, మనిషిగా విరిగిపోతుంది. ఆ గెలుపుకి చప్పట్లు కొట్టబోయి చేతులు ఆగిపోతాయి. గోపి విషయంలో మనకి ఆ అవకాశం రాలేదు. పెంచిన సత్య (ఇక్కడా ప్రకాష్ రాజే) ఆ పిల్లాణ్ణి కాపాడటానికి పేరు మార్చి, ఊరు మార్చి, తన బతుకంతా ఒక అబద్ధానికి కాపలా కాశాడు. కన్నవాడేమో ఇలా తేలాడు. తెల్లారితే ఆ కుర్రాడు ఆఫీసుకి ఎలా వెళ్తాడు?

రెండో భాగం తీస్తున్నారు. ఈసారి డబ్బుకి కొదవ లేదంటున్నారు. దేశాలు తిరుగుతారు, మంచుకొండలు ఎక్కుతారు, బాగానే ఉంటుంది. నేను మాత్రం రెండు పేర్లున్న ఆ కుర్రాడు ఇంటికొచ్చి, గోడ మీది తండ్రి ఫోటోని ఏం చేశాడో చూపిస్తారేమోనని వెళ్తాను.