మజెప్పా శిలాముద్రణ చిత్రాలు: కథకుడు లేని వీరగాథ

ప్రవేశిక:
ఇవాన్ మజెప్పా 1687లో ఉక్రెయిన్ కొసాక్కుల హెట్మన్ అయినవాడు. 1708లో రష్యా జార్ పీటర్‌ను విడిచి స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ పక్షాన చేరాడు. 1709లో పోల్టావా యుద్ధంలో ఓడి, ఆ ఏడాదే ప్రవాసంలో మరణించాడు. పశ్చిమ దేశాల్లో మాత్రం ఆయన గుర్రానికి కట్టిన యువకుడిగానే ప్రసిద్ధుడు. ఈ పరిణామంలో చేతిరంగుల లితోగ్రాఫ్‌ల పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కావ్యంలో గాథ:
పోలెండ్ ప్రభువు ఒకరి భార్యను ప్రేమించినందుకు మజెప్పాను వివస్త్రుణ్ణి చేసి, అడవి గుర్రానికి కట్టి తరిమారన్న కథను వోల్టేర్ 1731 నాటి చార్లెస్ చరిత్రలో చెప్పాడు. బైరన్ 1819లో దానిని కావ్యంగా మలిచాడు. అందులో కథకుడు వృద్ధ మజెప్పాయే. శ్రోత పోల్టావాలో ఓడిన రాజు. కథ ముగిసేసరికి ఆ రాజు నిద్రపోయి ఉంటాడు. స్వారీ వర్ణన ఎంత ఉద్విగ్నంగా సాగినా, దాని చుట్టూ ఓటమి, వార్ధక్యం, వ్యంగ్యం ఆవరించి ఉంటాయి.

చిత్రంలో గాథ:
బైరన్ ప్రేరణతో జెరికో, హొరేస్ వెర్నే వంటి ఫ్రెంచి చిత్రకారులు ఈ ఇతివృత్తాన్ని చేపట్టారు. తోడేళ్ళు వెంటాడే వెర్నే చిత్రం 1826 నాటిది. న్యూయార్క్‌లో నతానియల్ కరియర్ 1846లో నాలుగు లితోగ్రాఫ్‌ల వరుసను ప్రచురించాడు. నాలుగింటిలోనూ స్వారీయే వస్తువు. వృద్ధ కథకుడికీ, నిద్రించిన శ్రోతకూ అక్కడ చోటు లేదు. చెప్పేవాడు పోయి, చూపబడే దేహం మిగిలింది.

రంగులు - పాఠాంతరాలు:
కరియర్ కార్మికశాలలో స్త్రీలు నమూనా చిత్రాన్ని ఎదుట ఉంచుకొని, ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసేవారు. అందువల్ల ఏ రెండు ప్రతులూ పూర్తిగా ఒకటి కావు. ఈ భేదాలను మౌఖిక గాథల పాఠాంతరాలతో పోల్చాలనిపించడం సహజం. కానీ ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. మౌఖిక పాఠాంతరంలో సంఘటన మారవచ్చు, ముగింపు మారవచ్చు, వీరుని స్వభావమే మారవచ్చు. ఇక్కడ మారేది వర్ణచ్ఛాయ మాత్రమే. రాతిపై గీసిన రేఖ మారదు. కాబట్టి ఈ చిత్రాలు జనసామాన్యానికి చేరినంత మాత్రాన జానపదాలు కాజాలవు.

ముగింపు:
1708లో రష్యన్ చర్చి మజెప్పాను శపించి బహిష్కరించింది. జార్ పక్షానికి ఆయన ద్రోహి. పశ్చిమ దేశాల చిత్రాలకు ఆయన బాధితుడు. ఈ రెండు రూపాల్లోనూ కొసాక్కు నాయకుడిగా ఆయన చేసిన రాజకీయ నిర్ణయం మరుగునపడింది. వీరగాథను చిత్రంగా చదివేటప్పుడు ఏది కనిపిస్తున్నదన్న ప్రశ్నతోపాటు, ఎవరి గొంతు తొలగిపోయిందన్న ప్రశ్న కూడా విమర్శకు అవసరం.