ఉద్యమమా, నడకయా?

మూవ్‌మెంట్ అను ఇంగ్లీషు మాటకు తెలుగేమని యడిగినచో చదువుకొన్నవారు తడుముకొనక 'ఉద్యమము' అందురు. పత్రికలును, పాఠ్యపుస్తకములును ఆ మాటనే స్థిరపరచినవి. ఒక్క మాటపై ఇంత బరువు మోపుట న్యాయము కాదని నా యభిప్రాయము.

కార్యాలయములలో మూవ్‌మెంట్ రిజిస్టరని యొక పుస్తకముండును. పనివేళలలో గుమాస్తా బయటికి పోయినచో ఏ పనిమీద పోయెనో, ఎప్పుడు తిరిగివచ్చెనో అందు వ్రాయవలెను. దానిని ఉద్యమ పుస్తకమనినచో నవ్వరా? అది రాకపోకల పుస్తకము. గడియారములోని మూవ్‌మెంటు లోపలి మరలు. సరకుల మూవ్‌మెంటు రవాణా. పాశ్చాత్య సంగీతమున సింఫనీకి మూవ్‌మెంటనగా తనదైన కాలప్రమాణము గల యొక ఖండము. దానిని 'చలనము' అని తెనిగించినచో వినువారికేమియు బోధపడదు. మన సంగీతమునకు కదలిక మాటలు కొదువ కావు. రాగమునకు సంచారము, స్వరమునకు గమకము ఉండనే యున్నవి.

ఉద్యమమునకు సంస్కృతమున పైకెత్తుట, పూనిక, ప్రయత్నము అని యర్థములు. దాని తోబుట్టువు వంటిది ఉద్యోగము. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వమున ఆ మాట యుద్ధసన్నాహము. మన గుమాస్తాలు ముప్పదియేండ్లు చేసినది కుర్చీలో కూర్చుండుట! ఆందోళనము మొదట ఊగుట. నేడు వీధిలోని నిరసనకును, తల్లి మనసులోని దిగులునకును అదే మాట. మాటలును నడచుచుండును, దానికి నేను వగవను.

1942 నాటి క్విట్ ఇండియా పోరాటము తెలుగువారికి ఉద్యమము, హిందీవారికి ఆందోళన్, కన్నడిగులకు చళువళి, తమిళులకు ఇయక్కము. వీనిలో తమిళుల మాటను మెచ్చుకొందును. యంత్రము పనిచేయుట ఇయక్కము; 1925లో మొదలైన ఆత్మగౌరవ పోరాటము సుయమరియాదై ఇయక్కము; చలనచిత్ర దర్శకుడు ఇయక్కునర్. కోయంబత్తూరు నూలుమిల్లు నడచినను, మైదానమున జనము కదలినను వారికి ధాతువొక్కటే, అదియు సొంతది.

మనకును 'నడ' కలదు. నడక, నడత, నడవడి దానినుండి వచ్చినవే. 'పో' నుండి పోకడ, 'కదలు' నుండి కదలిక వచ్చినవి. సాహిత్య విమర్శకులు వీనిని మూలకు నెట్టి ప్రతిదానిని ఉద్యమమనుచున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, సభలలో వాదించి వాడుకభాషకై పోరినది నిస్సందేహముగా ఉద్యమము. 1914లో బెజవాడలో సంఘమేర్పరచుకొని ఊరూర పుస్తకభాండాగారములకు పాటుపడినవారి పనియు నట్టిదే. భావకవిత్వమును ఉద్యమమనుట మాత్రము నాకు సమ్మతము కాదు. కృష్ణశాస్త్రిగారు ఊరూర తిరిగి పద్యములు చదివిరి, యువకులు ఆయన జుట్టును సైతము అనుకరించిరి, నిజమే. కాని అది పోకడ. పోకడ యన్నంత మాత్రమున దాని విలువ తగ్గదు.

మన కుటుంబములకు ఈ మాట మరియొక విధముగా తగులును. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిపి సాగిన ఆంధ్రోద్యమము 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమును తెచ్చినది. ఎల్లలు కదలినవి; కోయంబత్తూరు, మధుర తెలుగువారము ఉన్నచోటనే యుంటిమి. మన పూర్వులు కదలినది శతాబ్దములకు ముందు, పలువురు మధుర నాయకరాజుల కాలమున. దానికి చరిత్ర పుస్తకములు పెట్టిన పేరు 'వలస'. నేటి చెవికి వలసవాడనగా కూలికై నిన్న వచ్చి రేపు పోవువాడు. విజయరంగ చొక్కనాథుడు మధురనేలుచు శ్రీరంగమాహాత్మ్యమును తెలుగు వచనమున వ్రాసిన పదునెనిమిదవ శతాబ్దికే మనవారు ఈ నేలలో వేరూనియుండిరి. వారిని తరలివచ్చినవారనుట మేలు. పెండ్లివారును తరలియే వత్తురు గదా!

2006 నాటి తమిళనాడు చట్టముతో ఒకటవ తరగతి మొదలుకొని తమిళము నిర్బంధ పాఠ్యమైనది. పిల్లవాడు బడినుండి వచ్చి 'ఫ్యాను ఇయంగలేదు' అనును. తల్లి గద్దించి, తెలుగులో చెప్పుమని, తానే 'ఫ్యాను వర్క్ చేయలేదు' అని దిద్దును. తమిళము తప్పై ఇంగ్లీషు ఒప్పెట్లాయెనో నాకు తెలియదు. 'తిరుగలేదురా' అనునది ఆ యింట అక్షరము రాని అవ్వ ఒక్కతెయే.