కొలిమి వెలుగు, కార్మికుని ముఖం

తెలుగులో చలనచిత్ర విమర్శ కథను గురించి, నటనను గురించి, పాటలను గురించి విస్తారంగా చర్చించింది. వాటన్నిటినీ మోసే ముడి ఫిల్మును గురించి చర్చించింది మాత్రం స్వల్పం. అది సాంకేతిక నిపుణుల వ్యవహారమని విమర్శకులు తప్పుకున్నారు. అయితే స్వల్ప వ్యయంతో తీసే చిత్రంలో ఏ ఫిల్ము కొనాలి, దానిపై ఎంత వెలుగు పడనివ్వాలి అన్నవి దర్శకుని దృక్పథాన్నే బయటపెట్టే నిర్ణయాలు. ఈ మాటను పరీక్షించి చూడటానికి జంషెడ్‌పూర్ తగిన చోటు.

1912లో తొలిసారి ఉక్కు పోతపోసిన ఈ నగరానికి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వలస వచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నేటికీ గుర్తుగా నిలిచి ఉంది. కొలిమి ముందు నిలబడిన మనిషి మన ఊరివాడే కావచ్చు. అతణ్ణి కెమెరాతో చూడటమే కష్టం. కరిగిన ఉక్కు కళ్లు మిరుమిట్లు గొలిపేంత వెలుగుతో మండుతుంది. చుట్టూ షెడ్డులో చీకటి. మన కన్ను ఆ రెంటికీ సర్దుకుంటుంది గాని ఫిల్ము సర్దుకోలేదు. నిప్పుకు తగినట్లు ఎక్స్‌పోజర్ ఇస్తే మనిషి నల్లని నీడగా మిగులుతాడు. అతని ముఖానికి తగినట్లు ఇస్తే నిప్పు తెల్లని మరకై పోతుంది. ఆ రెంటిలో దేనిని వదులుకుంటాడన్న దాన్నిబట్టే ఛాయాగ్రాహకుడు ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

ఈ ఉక్కు కథపై 1950లలో హరిసాధన్ దాస్‌గుప్తా ‘ది స్టోరీ ఆఫ్ స్టీల్’ అనే డాక్యుమెంటరీ తీశారు. రచన సత్యజిత్ రాయ్, ఛాయాగ్రహణం క్లోద్ రెన్వార్. అది సంస్థ అండ ఉన్న చిత్రం. ఆ కాలంలోనే, 1958లో, ఇదే ఛోటానాగపూర్ నేలపై ఋత్విక్ ఘటక్ తీసిన ‘అజాంత్రిక్’ దారి వేరు. పాత కారు జగద్దల్‌నూ, దాన్ని ప్రాణంగా ప్రేమించే డ్రైవరు బిమల్‌నూ దీనేన్ గుప్తా కెమెరా ఎక్కువగా ఆరుబయటే, రాళ్ల గుట్టల మధ్య, విశాలమైన ఆకాశం కింద చూపింది. ఎండకు అద్దె కట్టనక్కరలేదు. వెలుగు పుష్కలంగా ఉంటే వేగం తక్కువైన, రేణువు సన్నని నలుపు తెలుపు ఫిల్ము చాలు. పేదచిత్రానికి ఆరుబయలు ఖర్చును తగ్గించే ఉపాయం మాత్రమే కాదు; ఇక్కడ అదే చిత్రానికి శ్వాస అయింది.

ఇక లెక్క చూద్దాం. 35 మి.మీ. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండు గంటల చిత్రం 10,800 అడుగులు. ఒక అడుగు నిలవడానికి మూడడుగులు తీస్తే 32,400, పదడుగులు తీస్తే 1,08,000. 16 మి.మీ. అయితే నిమిషానికి 36 అడుగులే. కాని దాన్ని 35కు పెంచినప్పుడు రేణువూ పెరుగుతుంది. మన దేశంలో ముడి ఫిల్ము చాలాకాలం దిగుమతి సరుకు. యుద్ధకాలంలో, 1940లలో, ప్రభుత్వం చిత్రాల నిడివికే పరిమితి విధించింది. తరువాత తూర్పు జర్మనీ ఆర్వో ఫిల్ము, ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ సరుకు కొంత ఊరట కలిగించాయి. ఆ కరవులో పనిచేసినవారికి రిహార్సలు ఫిల్ముకన్నా చవక అన్న సత్యం బాగా తెలుసు.

అయితే కరవు దానంతటదే కళను పుట్టించదు. చిన్న చిత్రాల్లో తరచు కనిపించే దోషం ఒకటుంది: లైట్ల అద్దె మిగులుతుందని అత్యంత వేగవంతమైన ఫిల్ము కొని, చీకటి గదుల్లో మీటరు చూపిన దానికన్నా తక్కువ వెలుగుతో తీయడం. నెగెటివ్ కొద్దిపాటి అధిక వెలుగును సహిస్తుంది, కొరతను సహించదు. నీడలో నమోదు కాని వివరం ల్యాబొరేటరీలో ఎంతసేపు డెవలప్ చేసినా రాదు. కాంట్రాస్టూ రేణువూ మాత్రం పెరుగుతాయి. అందుచేత అనుభవజ్ఞులు 500 వేగం గల ఫిల్మును 320గా భావించి తీస్తారు. నలుపు చిక్కగా వస్తుంది. విడి ముక్కలు చవకగా దొరికితే కొనవచ్చు గాని, ఒకే దృశ్యాన్ని వేర్వేరు తయారీల ఫిల్ముపై తీస్తే రంగు మారి చూపరికి తేడా తెలిసిపోతుంది. ముందుగా కొన్ని అడుగులు పరీక్షించి చూడటం పొదుపుకు వ్యతిరేకం కాదు, పొదుపులో భాగమే.

ఈ విజ్ఞతకు తెలుగులో మంచి ఉదాహరణ బి. నర్సింగరావు ‘దాసి’. దానికి 1988 సంవత్సరానికి ఎ.కె. బీర్ ఉత్తమ ఛాయాగ్రాహకునిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. గడీలోని మసక గదుల్లో అర్చన నటించిన కమలాక్షి దాదాపు మాట్లాడదు. ఆ ముఖం చీకటిలో కలిసిపోయి ఉంటే చిత్రమే లేదు. అలాగని గదంతా వెలుగుతో నింపితే గడీ గడీలా ఉండదు. చీకటిని ఉంచుతూ ముఖాన్ని కాపాడటమే అక్కడి కృషి.

నేడు పరిస్థితి మారింది. జంషెడ్‌పూర్‌కు సమీపంలోని జాదూగోడా యురేనియం గనుల ప్రాంతంపై 1999లో శ్రీప్రకాశ్ తీసిన ‘బుద్ధ వీప్స్ ఇన్ జాదూగోడా’ వీడియోలో వచ్చింది. ముడి ఫిల్ము భారం లేకపోవడమే అటువంటి చిత్రాలకు మార్గం తెరిచింది. ఫ్యూజీ సంస్థ 2013లో సినిమా ఫిల్ము తయారీ మానుకుంది. వీడియో, డిజిటల్ కెమెరాల నియమం నెగెటివ్‌కు తలకిందులు: ముందుగా కాపాడవలసింది ప్రకాశవంతమైన భాగాన్ని, అక్కడ పోయిన వివరం తిరిగి రాదు. అంటే పరికరమే ఇప్పుడు నిప్పు పక్షాన నిలబడింది. కొలిమి ముందున్న మనిషి మళ్లీ నీడగా మారే ప్రమాదం అందులోనే ఉంది.

అడుగుల లెక్క పోయింది గాని నిర్ణయం పోలేదు. ఒక రిఫ్లెక్టరో, ఓ తెల్ల గుడ్డో పట్టి ఆ ముఖానికి కాస్త వెలుగు చేర్చడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. చేర్చాలన్న తలంపు ఉండాలి. ఫిల్ము ఖరీదు ఆ తలంపును ప్రతి షాటుకూ బలవంతాన పుట్టించేది. నేటి దర్శకుడు దాన్ని తనంతట తాను పుట్టించుకోవాలి.